తెర ఏదైనా చెదరని పేజీ

అచ్చు పుస్తకంలోని పుట ముద్రణాలయం దాటి వచ్చాక ఎవరి చేతిలో పడినా అదే అక్షరం, అదే అంచు, అదే వరుస కనిపిస్తాయి. వెబ్‌పేజీకి అలాంటి స్థిరరూపం లేదు. వెబ్‌పేజీ నిజానికి ఒక సూచనల పత్రం. అందులో ఏది శీర్షికో, ఏది పేరానో హెచ్‌టీఎంఎల్ చెబుతుంది, రంగూ కొలతా అమరికా ఎలా ఉండాలో సీఎస్ఎస్ చెబుతుంది, మీట నొక్కితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్ చెబుతుంది. ఆ సూచనలను చదివి, తనకు అందుబాటులో ఉన్న ఫాంట్లతో, తెర పట్టినంత మేర, తనకు అర్థమైనంత వరకు పేజీని గీసి చూపేది బ్రౌజర్. కనుక వెబ్‌సైట్ తయారుచేసినవారు తమ కంప్యూటర్‌లో చూసి తృప్తిపడిన రూపం, ఆ సైట్ ధరించబోయే అనేక రూపాల్లో ఒకటి మాత్రమే. మిగిలిన రూపాలను చదువరి కంటే ముందుగా వెళ్లి చూసి, లోపాలను సరిచేయించే పనిని క్రాస్ బ్రౌజర్ టెస్టింగ్ అంటారు.

ఈ అధ్యాయం ఆ పనిని తెలుగు వెబ్‌సైట్లను దృష్టిలో పెట్టుకుని వివరిస్తుంది, ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా ఒకే పేజీని తీసుకుంటుంది: ఇంటర్మీడియట్ విద్యార్థి ఉపకారవేతనం కోసం తెలుగులో నింపే దరఖాస్తు. దానిని ఒకరు నెట్ సెంటర్‌లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని నింపుతారు, మరొకరు తండ్రి ఫోన్ అడిగి తీసుకుని నింపుతారు. గడువు చివరి రోజున సమర్పించే మీట తెర కింద దాగిపోతే ఆ ఏడాది చదువు ఖర్చుకు ఇబ్బంది పడేది ఆ విద్యార్థి కుటుంబమే కనుక, ఈ పరీక్షను అలంకారానికి సంబంధించిన పనిగా చూడకూడదు.

తేడాలు ఎక్కడ పుడతాయి

ప్రతి బ్రౌజర్ లోపలా సూచనలను బొమ్మగా మార్చే ఒక యంత్రాంగం ఉంటుంది, దానిని రెండరింగ్ ఇంజిన్ అంటారు. సీఎస్ఎస్ తొలి ప్రమాణం 1996 డిసెంబరులో వెలువడినా, ఒక్కో ఇంజిన్ దానిని ఒక్కో రకంగా అర్థం చేసుకోవడం వల్ల తొలినాళ్ల వెబ్ రూపకర్తలు చాలా శ్రమపడ్డారు. ఒక పెట్టెకు 300 పిక్సెళ్ల వెడల్పు ఇచ్చి, లోపల ఇరువైపులా 20 పిక్సెళ్ల చొప్పున ఖాళీ వదలమంటే, ప్రమాణం ప్రకారం ఆ ఖాళీ అదనంగా చేరి పెట్టె మొత్తం 340 పిక్సెళ్లు అయ్యేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం ఆ ఖాళీని 300లోనే ఇమిడ్చేది. పక్కపక్కన ఉండాల్సిన రెండు పెట్టెలు ఒక బ్రౌజర్‌లో సరిగ్గా కుదిరి, ఇంకో బ్రౌజర్‌లో ఒకటి కిందికి జారిపోవడానికి ఆ 40 పిక్సెళ్లే చాలు.

ఇప్పుడు ప్రమాణాల విషయంలో బ్రౌజర్ల మధ్య సఖ్యత బాగా పెరిగింది, ఇంజిన్ల సంఖ్య తగ్గింది. ఆపిల్ సఫారీలో ఉండేది వెబ్‌కిట్, మొజిల్లా ఫైర్‌ఫాక్స్‌లో ఉండేది గెకో, గూగుల్ క్రోమ్‌లో ఉండేది 2013లో వెబ్‌కిట్ నుంచి విడివడిన బ్లింక్. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరిలో బ్లింక్ వైపు మారింది; ఒపెరా, శామ్‌సంగ్ ఇంటర్నెట్ కూడా దాని మీదే నడుస్తున్నాయి. ఈ సంగతి తెలియనివారు క్రోమ్, ఎడ్జ్, ఒపెరాలలో పేజీని తెరిచి మూడు బ్రౌజర్లలో పరీక్ష ముగిసిందని భావిస్తారు, కానీ ఆ మూడింట్లో వారు చూసింది ఒకే ఇంజిన్ పనితనాన్ని. ఐఫోన్‌లో దీనికి విలోమమైన పొరపాటు జరుగుతుంది. అక్కడ చాలాకాలం పాటు ప్రతి బ్రౌజర్ వెబ్‌కిట్‌నే వాడి తీరాలన్న నియమం ఉండేది, 2024లో ఐరోపా సమాఖ్య దేశాలకు సడలింపు వచ్చినా మన దేశంలో విక్రయమైన ఐఫోన్‌లో క్రోమ్ పేరుతో కనిపించేది లోపల వెబ్‌కిట్ అనే భావించి పరీక్షించాలి.

ఇంజిన్ పేరుతో పాటు దాని వయసు కూడా లెక్కకు వస్తుంది. విండోస్ 7 ఉన్న కంప్యూటర్లకు క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఒక సీఎస్ఎస్ నియమం లోపల మరో నియమాన్ని పొదిగి రాసే వెసులుబాటు, అంటే నెస్టింగ్, క్రోమ్‌కు 112వ వెర్షన్‌లో వచ్చింది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది: రూపకర్త కొత్త పద్ధతిలో నియమాలను పొదిగి రాస్తే, నెట్ సెంటర్‌లోని పాత కంప్యూటర్ ఆ లోపలి నియమాలను అర్థం చేసుకోలేక వదిలేస్తుంది, దరఖాస్తులోని గడులు అలంకరణా అమరికా లేకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఎక్కడా లోపం ఉన్నట్టు సందేశం రాదు, ఎందుకంటే అర్థం కాని సీఎస్ఎస్‌ను మౌనంగా దాటిపోవడం బ్రౌజర్లకు ప్రమాణమే విధించిన పద్ధతి.

జాబితా కూర్చుకోవడం

అన్ని బ్రౌజర్లనూ, అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లనూ, అన్ని తెరలనూ కలిపి పరీక్షించడం ఏ బృందానికీ సాధ్యం కాదు కనుక, పరీక్షించేవారు ముందుగా ఒక చిన్న జాబితా కూర్చుకోవాలి. సైట్ ఇప్పటికే నడుస్తుంటే వచ్చేవారు వాడుతున్న బ్రౌజర్లు, తెర వెడల్పులు సందర్శకుల గణాంకాల్లో దొరుకుతాయి. కొత్త సైట్ అయితే దానిని వాడబోయేవారు ఎక్కడ కూర్చుని వాడతారో వాకబు చేయాలి. నాలుగు నెట్ సెంటర్లకు వెళ్లి అక్కడి కంప్యూటర్లలో ఏముందో రాసుకుని రావడం ఒక పూట పని, ఆ పూటలో దొరికే సమాచారం ఊహల కంటే ఎన్నో రెట్లు విలువైనది.

ఉపకారవేతనం దరఖాస్తుకు ఐదు స్థానాలున్న జాబితా సరిపోతుంది: 360 పిక్సెళ్ల వెడల్పు తెరా తక్కువ మెమరీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్, ఐఫోన్‌లో సఫారీ, విండోస్ 10 లేదా 11లో తాజా క్రోమ్ లేదా ఎడ్జ్, విండోస్ 7లో క్రోమ్ 109, ఏదో ఒక కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్. వీటికి తోడు, సామాజిక మాధ్యమాల యాప్‌లో వచ్చిన లింకును నొక్కినప్పుడు ఆ యాప్ లోపలే తెరుచుకునే బ్రౌజర్‌ను కూడా చూడాలి, ఎందుకంటే ఫోటో ఎక్కించడం, రసీదు దించుకోవడం వంటి పనులు అక్కడ కొన్నిసార్లు కుంటుపడతాయి. జాబితాను కాగితం మీద రాసి, ఏ స్థానం ఎందుకు ఉందో పక్కన ఒక వాక్యం చేర్చి, ఆరు నెలలకొకసారి తిరిగి చూసుకోవడం మంచి అలవాటు.

తెలుగు అక్షరానికి పరీక్ష

ఇంగ్లీషు పేజీల కోసం తయారైన పరీక్షా పట్టికలు తెలుగుకు చాలవు. తెలుగులో అక్షరాలు వరుసగా పక్కపక్కన మాత్రమే నిలబడవు. గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి, ఒత్తు కింద మరో ఒత్తు చేరుతుంది. కంప్యూటర్ మాత్రం వీటిని విడివిడి సంకేతాలుగా దాచుకుంటుంది. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు. ఈ ఆరింటినీ కలిపి ఒక ఆకృతిగా కూర్చే పనిని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఇందుకు హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీని వాడుకుంటాయి, సఫారీ ఆపిల్ వారి కోర్ టెక్స్ట్ మీద ఆధారపడుతుంది. ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసివచ్చింది: 'జ్ఞ' తర్వాత కంటికి కనిపించని ఒక విభజక సంకేతం, ఆపైన దీర్ఘం వచ్చే ఒక తెలుగు వరుసను చూపాల్సి వచ్చినప్పుడు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, అదే నెలలో విడుదలైన ఐఓఎస్ 11.2.6 ఆ లోపాన్ని సరిచేసింది.

పరీక్షలో మొదటి మెట్టు ఫాంటు. పేజీ తనతో పాటు తెలుగు ఫాంటును పంపకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏది ఉంటే అది కనిపిస్తుంది. విండోస్ 7లో గౌతమి, వాణి ఉంటాయి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చింది, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో సాన్స్ తెలుగు ఉంటాయి. వీటి అక్షరాల వెడల్పూ ఎత్తూ ఒకేలా ఉండవు కనుక, 'దరఖాస్తు సమర్పించండి' అనే మాటలు ఒక ఫోన్‌లో మీట లోపల ఒకే వరుసలో ఇమిడి, మరో ఫోన్‌లో రెండు వరుసలై మీట అంచును దాటిపోవచ్చు. పేజీయే తన ఫాంటును పంపుతున్నా, అది దిగుమతి అయ్యేలోపు ఏం కనిపిస్తుందో, నెట్ మందగించి అసలు రాకపోతే ఏమవుతుందో చూడాలి.

రెండో మెట్టు నిలువు కొలత. సీఎస్ఎస్‌లో వరుస ఎత్తును లైన్ హైట్ అంటారు. ఇంగ్లీషుకు అక్షరం కొలతకు 1.2 రెట్లు ఇస్తే సరిపోయే చోట తెలుగుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఇవ్వడం క్షేమం. వరుస ఎత్తు చాలక, పైగా పెట్టె దాటినదాన్ని దాచెయ్యమనే ఓవర్‌ఫ్లో హిడెన్ నియమం కూడా ఉంటే, ఒత్తుల అడుగు భాగం కత్తిరించినట్టు పోతుంది. 'లక్ష్మి' అన్న పేరులో కింది మకారం ఒత్తు తెగిపోతే మిగిలేది 'లక్షి'ని తలపించే ఆకారం. దరఖాస్తులో తన పేరు తప్పు పడిందనుకుని విద్యార్థి చెరిపి మళ్లీ రాస్తే, మళ్లీ అలాగే కనిపిస్తుంది. ఇలాంటి లోపం ఇంగ్లీషు పాఠ్యంతో పరీక్షించేవారి కంటికి ఎన్నటికీ చిక్కదు. అందుచేత పరీక్షించేవారు కొన్ని కఠినమైన మాటలను ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి: స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం, కర్తృత్వం, వాఙ్మయం, తార్క్ష్యుడు. ఈ ఏడు మాటలను శీర్షికలో, మీట మీద, జాబితాలో, నింపే గడిలో ఒక్కోసారి పెట్టి ప్రతి బ్రౌజర్‌లో చూస్తే ఎత్తుకు, కూర్పుకు సంబంధించిన లోపాల్లో అధికభాగం బయటపడుతుంది.

మూడో మెట్టు అదృశ్య సంకేతాలు. 'హైదరాబాద్‌లో' అని రాసేటప్పుడు పొల్లుకూ లకారానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే విభజకం ఉంటుంది. వెడల్పు లేని ఆ సంకేతం తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపుతుంది. ఎవరైనా పాఠ్యాన్ని శుభ్రపరిచే కోడ్ రాసి దానిని తొలగిస్తే తెర మీద 'హైదరాబాద్లో' ప్రత్యక్షమవుతుంది. కొన్ని ఫాంట్లలో ఆ విభజకం స్థానంలో చిన్న పెట్టె గుర్తు కూడా కనిపించవచ్చు. విభజకంతో రాసిన మాట, విభజకం లేకుండా వెతికినా దొరుకుతుందో లేదో సైట్‌లోని వెతుకు పెట్టెలో సరిచూడాలి.

నాలుగో మెట్టు అలంకారం. నెట్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో మండలి, ఎన్‌టీఆర్, మల్లన్న వంటివి ఒకే మందంతో వస్తాయి. వాటికి బోల్డ్ అడిగితే బ్రౌజర్ తానే గీతలను లావు చేస్తుంది, అప్పుడు చిన్న కొలతలో 'ద', 'ధ'ల మధ్య తేడా చూపే గీత పూడిపోయి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్ స్పేసింగ్ ఇంగ్లీషు శీర్షికలకు అందమిచ్చినా, తెలుగులో అక్షరాన్ని దాని ఒత్తు నుంచి ఎడం చేసే ప్రమాదం ఉంది. పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దది చేసే నియమం 'శ్రీ'ని పూర్తిగా పెద్దది చేస్తుందా, శకారాన్ని మాత్రమే పట్టుకుంటుందా అన్నది కూడా ప్రతి ఇంజిన్‌లో చూడవలసిన సంగతే.

గడులు, తేదీలు, మీటలు

అమరికలో వచ్చే తేడాలకు కారణాలు తెలిస్తే వెతకడం తేలిక. విండోస్‌లో పక్కన ఉండే స్క్రోల్‌బార్ సాధారణంగా పేజీ వెడల్పులో కొంత ఆక్రమిస్తుంది, మ్యాక్‌లో టచ్‌ప్యాడ్ వాడేవారికి అది పాఠ్యం మీద తేలుతూ వచ్చి మాయమవుతుంది. తెర మొత్తం వెడల్పును లెక్కవేసి కట్టిన పేజీ అందుకే మ్యాక్‌లో చక్కగా నిలిచి, విండోస్‌లో అడ్డంగా జరుగుతుంటుంది. ఫోన్‌లో చిరునామా పట్టీ ఒకసారి కనిపించి, కిందికి జరిపితే ముడుచుకుంటుంది కనుక, తెర నిండా ఎత్తు ఇచ్చిన పెట్టెలో అడుగున ఉంచిన మీట ఆ పట్టీ ఉన్నంతసేపూ తెర కింద ఉండిపోతుంది. నింపే గడిలో అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నవైతే ఐఫోన్ సఫారీ ఆ గడిని తాకగానే పేజీని పెద్దది చేసి చూపుతుంది, విద్యార్థి అక్కడి నుంచి దారి వెతుక్కోవలసి వస్తుంది.

పుట్టిన తేదీ గడి వద్ద మరింత నిదానం అవసరం. బ్రౌజర్ అందించే తేదీ గడి పేజీ భాషను చూడదు, కంప్యూటర్‌లో లేదా బ్రౌజర్‌లో ఎంచుకున్న ప్రాంతపు పద్ధతిని చూస్తుంది. అమెరికా ఇంగ్లీషు ఎంపికతో ఉన్న కంప్యూటర్‌లో నెల ముందు, రోజు తర్వాత వస్తాయి. 2007 జూన్ 5న పుట్టిన విద్యార్థి అలవాటు కొద్దీ 05, 06 అని నింపితే అది మే 6గా నమోదవుతుంది, ధ్రువపత్రంతో సరిపోలక దరఖాస్తు తిరస్కారానికి గురికావచ్చు. రోజూ నెలా రెండూ 12కు లోపు ఉన్న తేదీతో పరీక్షిస్తేనే ఈ లోపం బయటపడుతుంది. నింపిన వెంటనే '5 జూన్ 2007' అని నెల పేరుతో తిరిగి చూపడం దీనికి చవకైన పరిష్కారం.

పేరు గడిలో అక్షరాల పరిమితి మరో చిక్కు. 'శ్రీలక్ష్మి' చదివేవారికి మూడక్షరాలు, యూనికోడ్‌లో 11 సంకేతాలు, సర్వర్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 33 బైట్లు. పరిమితిని బ్రౌజర్ ఒక లెక్కలో, సర్వర్ మరో లెక్కలో కొలిస్తే పేరు మధ్యలో తెగి, చివర పొల్లు వేలాడుతూ మిగులుతుంది. ఇంటిపేరుతో కలిసిన పొడవాటి పేరును ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతోనూ, కంప్యూటర్‌లోనూ నింపి, పంపి, తిరిగి తెరిచి అక్షరం పోకుండా వచ్చిందో లేదో చూడాలి. అదేవిధంగా చూపు మందగించినవారు పాఠ్యాన్ని రెండింతలు చేసుకున్నప్పుడు, మౌస్ లేకుండా ట్యాబ్ మీటతోనే గడి నుంచి గడికి వెళ్లినప్పుడు దరఖాస్తు పూర్తవుతుందా అన్నది కూడా ఈ పరీక్షలో భాగమే.

పనిముట్లు

బ్రౌజర్లలోనే ఉండే డెవలపర్ టూల్స్ ఫోన్ తెర వెడల్పును అనుకరించి చూపుతాయి. అమరికను తొలిసారి సరిచూసుకోవడానికి అది చాలు, కానీ కంప్యూటర్‌లోని క్రోమ్ ఐఫోన్ వెడల్పులో పేజీని చూపినంత మాత్రాన అది సఫారీ అయిపోదు. ఇంజిన్ బ్లింకే, ఫాంట్లు ఆ కంప్యూటర్‌వే. చేతిలో లేని పరికరాలను అద్దెకు తీసుకున్నట్టుగా నెట్ ద్వారా వాడుకోనిచ్చే సేవలున్నాయి, 2011లో ముంబయిలో మొదలైన బ్రౌజర్‌స్టాక్ వాటిలో ప్రసిద్ధమైనది. ప్రతి మార్పు తర్వాత అవే మెట్లను మనుషులు తిరిగి ఎక్కకుండా యంత్రం చేత చేయించడానికి 2004లో పుట్టిన సెలీనియం, 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ ఉపకరిస్తాయి. ప్లేరైట్ క్రోమ్‌కు మూలమైన క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడింటినీ నడిపి, నిన్నటి స్క్రీన్‌షాట్‌తో నేటిదాన్ని పోల్చి మారిన చోటును చూపుతుంది. మారిన చోటును మాత్రమే యంత్రం చెప్పగలదు, ఒత్తు తెగిన మాట తప్పని గుర్తించేందుకు తెలుగు చదివే కన్ను కావాలి. ఖర్చు పెట్టే స్తోమత లేని చిన్న బృందం ఒక చవక ఆండ్రాయిడ్ ఫోన్, అరువు తెచ్చుకున్న ఒక ఐఫోన్, ఒక పాత కంప్యూటర్‌తో ఈ అధ్యాయంలోని మెట్లన్నీ పూర్తిచేయగలదు.

లోపాన్ని నమోదు చేయడం

కనుగొన్న లోపాన్ని సరిచేసేవారు తమ కంప్యూటర్‌లో దానిని తిరిగి చూడగలిగేలా రాయాలి. 'ఫోన్‌లో సరిగా రావడం లేదు' అన్న వాక్యం ఎవరికీ దారి చూపదు. 'ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్, 360 పిక్సెళ్ల వెడల్పు. దరఖాస్తులోని మూడో మెట్టులో తల్లి పేరు గడిలో లక్ష్మి అని నింపగా కింది ఒత్తు తెగింది. ఒత్తు పూర్తిగా కనిపించాలి. డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్‌లో సరిగా ఉంది' అని రాసి, స్క్రీన్‌షాట్ జతచేస్తే సరిచేసేవారికి సగం పని తీరుతుంది. దానితో పాటు తీవ్రతను మూడు తరగతులుగా విభజించడం మేలు: పని ఆగిపోయేవి మొదటి తరగతి, అర్థం మారిపోయేవి రెండోది, అందం తగ్గేవి మూడోది. తెగిన ఒత్తు చూడటానికి చిన్న లోపమైనా పేరును మారుస్తుంది కనుక రెండో తరగతికి చెందుతుంది. రెండు బ్రౌజర్లలో మీట మూలల గుండ్రదనంలో ఉన్న తేడా మూడో తరగతిలో చేరుతుంది, దానిని వదిలేసినా ఎవరికీ నష్టం లేదు.

ఈ వర్గీకరణ అలవడినవారు అన్ని తెరల్లోనూ ఒక్క పిక్సెల్ తేడా లేకుండా ఉండాలన్న పట్టుదలను విడిచిపెడతారు, ఆ శ్రమను అవసరమైన చోటికి మళ్లిస్తారు. ఏ బ్రౌజర్‌లోనైనా పనిచేసే సాదా పేజీని ముందుగా కట్టి, కొత్త సౌకర్యం తెలిసిన బ్రౌజర్లకు మాత్రమే అదనపు సొగసును జోడించే పద్ధతిని ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు. ఫలానా నియమం బ్రౌజర్‌కు తెలుసా అని సీఎస్ఎస్‌లోనే అడిగే సపోర్ట్స్ అనే సూచన దానికి తోడ్పడుతుంది. ఆ పద్ధతిలో కట్టిన దరఖాస్తు క్రోమ్ 109లో నిరాడంబరంగానే కనిపించినా, గడులన్నీ వరుసలో ఉంటాయి, పేర్లు ఒత్తులతో సహా నిలుస్తాయి, తేదీ నెల పేరుతో కనిపిస్తుంది, చివరి మీట అందుతుంది. జాబితాలోని ప్రతి స్థానంలోనూ పరీక్షించేవారు మొదటి గడి నుంచి మొదలుపెట్టి, దరఖాస్తు సంఖ్య ఉన్న రసీదు తెర మీదికి వచ్చేదాకా ఆగకుండా నింపి చూడాలి. ఆ రసీదును తన ఫోన్‌లో దాచుకుని కుర్చీలోంచి లేచే విద్యార్థికి ఏ బ్రౌజర్ వాడిందో గుర్తుండనవసరం లేదు. ఆ ఒక్క రసీదు అన్ని స్థానాల్లోనూ వచ్చిన రోజున ఈ పరీక్ష ముగిసినట్టు లెక్క.